జాకెట్టు గుడ్డని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి చూపించే కొట్టు: వన్‌టౌన్ మ్యాచింగ్ సెంటర్ రివ్యూ

ముందు నాకు జరిగింది చెప్తే గానీ ఈ చిన్న కొట్టుకి నాలుగు స్టార్లు ఎందుకిచ్చానో అర్థం కాదు. మా ఆడపడుచు పెళ్ళికి అత్తగారు నాకు మంగళగిరి పట్టుచీర పెట్టారు, వంగపండు రంగు. దానికి జాకెట్టు గుడ్డ కోసం ఊళ్ళో ఒక పెద్ద ఏసీ షోరూముకి వెళ్ళాను, పేరెందుకులెండి. అక్కడ చీర మీద గుడ్డ పెట్టి చూస్తే దారానికి దారం కలిసిపోయింది. కుట్టించుకుని పెళ్ళిరోజు పొద్దున పదింటికి పందిరి బయటికొచ్చానో లేదో, జాకెట్టు ఎర్రగా కొడుతోంది. ఫోటోలన్నిట్లో అంతే. వెళ్ళి అడిగితే "ఉతికారా మేడమ్, రంగు దిగుంటుంది" అన్నారు. నీళ్ళు కూడా తగల్లేదు దానికి. విచిత్రం ఏంటంటే, రాత్రి ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు కింద చూస్తే మళ్ళీ చక్కగా కలిసిపోయింది!

ఈసారి పక్కింటి పిన్నిగారు చెప్తే విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్ దగ్గర సందులో ఉన్న ఈ కొట్టుకి వెళ్ళాను. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటే. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన మొదటి మాటే "చీర తెచ్చారా అమ్మా?" ఫోన్లో ఫోటో చూపించబోతే తల కూడా తిప్పలేదు. ఆరు తానులు తీయించి, లైటు కింద నాలుగు పక్కన పెట్టేశారు. మిగిలిన రెండూ నా కంటికి ఒకటే, ఏ తేడా లేదు. అప్పుడు కుర్రాణ్ణి "గుమ్మంలోకి తీసుకెళ్ళి చూపించరా" అన్నారు. ఎండ పడే మెట్టు మీద చీర పరిచి రెండూ పెడితే ఒకటి చీరలో కలిసిపోయింది, రెండోది నా కళ్ళ ముందే ఎర్రబడింది. అచ్చం ఆడపడుచు పెళ్ళికి నేనేసుకున్న జాకెట్టే.

మా తమ్ముడు గుంటూరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాడు, వాణ్ణి అడిగితే దీన్ని మెటామెరిజం అంటారన్నాడు. గుడ్డ తన మీద పడిన వెలుతురులో కొంత మింగేసి మిగిలింది వెనక్కి పంపుతుంది, మనం చూసేది ఆ మిగిలిందే. ఎండలో ఊదా నుంచి ఎరుపు దాకా అన్నీ ఉంటాయి. తెల్ల ఎల్‌ఈడీ అంటే చాలావరకు నీలం వెలుగిచ్చే చిప్పు, దాని మీద పసుపు వెలుగిచ్చే పూత. అందుకే మామూలు ఎల్‌ఈడీల్లో ముదురు ఎరుపు తక్కువ పడుతుంది. ఇక మన కంట్లో రంగు పట్టే కణాలు మూడే రకాలు (1802లోనే థామస్ యంగ్ ఇలా ఊహించాడట). ఎన్ని రకాల వెలుగు వచ్చినా మెదడుకి చేరేది ఆ మూడింటి లెక్కే. రైతుబజారులో రెండు సంచులు కొన్నావనుకో, లోపల కూరగాయలు వేరు, బిల్లు మాత్రం రెండింటికీ 200 వచ్చింది, రేపు టమాటా ధర మారితే రెండు బిల్లులూ ఒకటిగా ఉంటాయా అక్కా, అన్నాడు. అద్దకం కూరగాయలు, వెలుతురు ధరలు. వీడు పిల్లలకి బాగానే చెప్తాడన్నమాట!

బల్బు డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటే చూడమన్నాడు, ఆ వెలుతుర్లో రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పేది అదేనట. 80 ఇంటికి చాలు, రంగులు చూసుకునే పనికి 90 పైన ఉండాలి. ఫోటోని మాత్రం నమ్మొద్దట, ఎందుకంటే కెమెరా తెలుపు ఏదో తనే తేల్చుకుని మిగతా రంగులు జరిపేస్తుంది. 2015లో ఒకే గౌను ఫోటో కొందరికి నీలం నలుపు, కొందరికి తెలుపు బంగారం కనబడి ప్రపంచమంతా కొట్టుకుంది గుర్తుందా, అక్కడ ఆ తేల్చుకునే పని మన మెదడే చేసింది.

పెద్దాయనకి ఈ పేర్లేవీ తెలియవు, పని మాత్రం తెలుసు. నా తర్వాత వచ్చినావిడ నెమలికంఠం చీర తెచ్చింది, దానికి పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కదా, ఎటు తిప్పితే అటు మారుతుంది. ఆయన గుడ్డని కూడా చీర పోగు నడిచిన వైపే తిప్పి పెట్టి, "ఇటు నిలబడి చూడమ్మా, ఇప్పుడు అటు" అని ఆవిణ్ణి రెండు వైపుల నుంచీ చూడమన్నారు. షోరూముల్లో ఇంత ఓపిక ఎవరికుంది!

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే స్కూటీ పెట్టడానికి చోటు లేదు, అంతసేపు నిలబడితే ఒక స్టూలు కూడా వేయరు, లైనింగ్ గుడ్డ ఒక్క ఉతుక్కి కుంచించుకుపోయింది. ఇంకోటి, సాయంత్రం వెళ్ళకండి. పొద్దుగూకాక ముదురు రంగులు అడిగితే "రేపు పొద్దున రండమ్మా" అని పంపించేస్తారు, ఎంత దూరం నుంచి వచ్చామన్నా వినరు. మా పిన్నిగారు తెనాలి నుంచి వచ్చిన చెల్లెల్ని ఏడింటికి తీసుకెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చారు, ఆ కోపం ఇంకా తగ్గలేదు.