కొండపల్లి బొమ్మా, ఏటికొప్పాక బొమ్మా: ఏది మేలు?

రెండూ చెక్క బొమ్మలే, రెండింటికీ జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు) ఉంది. అమ్మకాల తీరు మాత్రం వేరు. ఎందుకో తయారీ చూస్తే తెలుస్తుంది.

కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కర్ర వాడతారు. తేలిగ్గా, మెత్తగా ఉండి ఉలికి ఇట్టే లొంగుతుంది. సన్నని సెగ మీద తేమ లాగేసి, తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి, చింతపిక్కల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ పైన సున్నం పూత, తర్వాత రంగులు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, అన్నీ చేతిపనే. అందుకే గిరాకీ పెరిగినంత వేగంగా సరుకు పెరగదు. పైగా కొనేవాళ్లు ఎక్కువగా బొమ్మల కొలువు కోసమే వస్తారు. దసరా, సంక్రాంతి దాటితే పెట్టుబడి అరల్లోనే కూర్చుంటుంది.

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ (కర్రను గిర్రున తిప్పే యంత్రం) మీద తిప్పుతారు. తిరిగే బొమ్మకు రంగు లక్క కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కుంచె అక్కర్లేదు, రంగు ఆరేదాకా ఆగక్కర్లేదు. అదే లేత్ మీద బొంగరం, కుంకుమ భరిణె, గాజులు, చదరంగం పావులు కూడా వస్తాయి కాబట్టి ఏడాది పొడవునా బేరం ఉంటుంది. వ్యాపారానికి ఇదే మేలు. ముఖంలో కళ, కథ చెప్పే బొమ్మ కావాలంటే మాత్రం కొండపల్లికి సాటి లేదు. లేత్ నుంచి వచ్చేది గుండ్రటి రూపమే.

ఏటికొప్పాక లక్కలో కలిపే సహజ రంగులతో చిక్కులున్నాయి. నారింజ రంగునిచ్చే జాఫ్రా గింజలు, నీలిమందు, పసుపు చూడముచ్చటగా ఉంటాయి గానీ పసుపు ఎండకు వెలిసిపోతుంది. విడతకో ఛాయ వస్తుంది, టోకు వ్యాపారి ఒకే ఛాయలో 500 బొమ్మలు అడిగితే అక్కడే తేడా కొడుతుంది. ఆ ఒత్తిడికే కొందరు లక్కలో రసాయన రంగు కలుపుతారు. కళ్లు చెదిరే గులాబీ రంగు కనబడితే అనుమానించాల్సిందే. కర్ర పచ్చిగా ఉంటే లక్క పెచ్చులుగా లేస్తుంది.

2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, జీఐ బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఆ గుర్తు లేకపోవడం లోపం కాదు, రంగు దేనితో చేశారో మాత్రం అడగాలి.

నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే సహజ రంగుల ఏటికొప్పాక బొమ్మే, అదీ చిన్న ముక్కలు ఊడిరానిదే. కొండపల్లిది ఆటకు కాదు, కింద పడితే అతుకు ఊడుతుంది, తడి తగిలితే మక్కు నానుతుంది. పొడి గుడ్డతో తుడవాలి. లక్క బొమ్మను శానిటైజర్‌తో తుడవకండి, కరుగుతుంది. ఎండలో నిలిపిన కారులోనూ వదలొద్దు.

దుకాణం పెట్టేవాళ్లకు: ఏడాదంతా అరల్లో ఏటికొప్పాక సరుకే ఎక్కువ ఉంచండి. కొండపల్లి సెట్లు దసరాకు కావాలంటే వేసవిలోనే చెప్పి బయానా ఇవ్వండి. వానల్లో కర్రా, రంగూ రెండూ ఆలస్యంగా ఆరతాయి.