చిన్న దేవుళ్ల కార్డుల సెట్టు: బొమ్మలకి పది, మార్కులకి సున్నా

ప్రపంచ పురాణాల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని దేవుళ్లు, భూతాలు, వీరుల మీద ఒక కార్డుల సెట్టు కొన్నాను, నెల రోజులుగా ఇంట్లో అందరం తిప్పి తిప్పి చూస్తున్నాం కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. సెట్టు పేరు మాత్రం చెప్పను, సగం తిట్టబోతున్నా కాబట్టి. 5కి 3 స్టార్లు.

ముందు మంచి చెప్పేస్తా. గ్రీకుల జియస్, థోర్ లాంటి అందరికీ తెలిసినోళ్లు ఒక్కరూ లేరు, హమ్మయ్య. బొమ్మలైతే సూపర్. బెస్ కార్డు చూడండి, ఈజిప్టు బొమ్మల్లో దేవుళ్లు మామూలుగా పక్కకి తిరిగే ఉంటారు కదా, ఈ మరుగుజ్జు దేవుడు మాత్రం నాలుక బయటపెట్టి నేరుగా మన మొహంలోకే చూస్తాడు, పురిట్లో తల్లినీ బిడ్డనీ కాపాడే డ్యూటీ ఆయనది, దుష్టశక్తులు జడుసుకుని పారిపోవాలిగా మరి. గీసినవాళ్లకి ఆ సంగతి తెలుసు, మిగతా ఈజిప్టు కార్డులన్నీ పక్కకి, ఇదొక్కటే ఎదురుగా.

నా ఫేవరెట్ టెర్మినస్. రోమన్ల గట్టు రాయి దేవుడు, అంతే, పొలానికీ పొలానికీ మధ్య పాతే రాయి! కాపిటోలిన్ కొండ మీద జూపిటర్‌కి గుడి కడుతుంటే అక్కడున్న దేవుళ్లని జరగమన్నారట, ఈయన మాత్రం ససేమిరా అన్నాడు, చివరికి రాయిని గుళ్లోనే ఉంచేసి, ఆయనకి ఆకాశం కనపడాలని పైకప్పులో కన్నం వదిలారు. ఏటా ఫిబ్రవరి 23న ఇరుగూ పొరుగూ ఎవరి వైపు నుంచి వాళ్లొచ్చి ఆ రాయికి దండలేసేవాళ్లు. ఇదంతా కార్డు వెనక నీట్‌గా రాశారు.

ఇంత బాగా రాసినోళ్లకి ఆ మార్కుల పిచ్చి ఎందుకో అర్థం కాదు. ప్రతి కార్డు కింద "బలం" అని 10కి ఇన్ని అని వేశారు. అనాన్సికి 2. ఏంటండీ అది? ఘానాలో అకాన్ వాళ్ల సాలీడు, కథలన్నీ దాచుకున్న ఆకాశదేవుడు న్యామె దగ్గర ఆ కథలే కొనుక్కోడానికి వెళ్తే ఆయన కొండచిలువనీ చిరుతపులినీ కందిరీగల్నీ పట్టుకురమ్మన్నాడు. ఈయన నువ్వు పొడుగా ఈ కొమ్మ పొడుగా అని కొండచిలువని కొమ్మ పక్కన పడుకోబెట్టి కొలుస్తూ కొలుస్తూ కట్టేశాడు, కందిరీగల మీద నీళ్లు చల్లి వానొస్తోంది సొరబుర్రలోకి దూరండి అన్నాడు. బలం లేకపోవడమే కదా అసలు కథ! పైగా కార్డు మీద ఉత్త "ఆఫ్రికా" అనుంది, అదేదో ఒక ఊరైనట్టు.

రంగులు ఇంకో గోల. మంచోళ్లకి నీలం, చెడ్డోళ్లకి ఎరుపు. మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ వైపు) భూతం పజుజుకి ఎరుపేశారు. మొహం భయంకరమే కానీ, పసిపిల్లల్ని ఎత్తుకుపోయే రాక్షసి లమష్తుని తరిమేది వాడే, అందుకే గర్భిణులు వాడి తల బొమ్మని మెళ్లో తాయెత్తులా వేసుకునేవాళ్లు. వాడికి ఏ రంగు వేస్తారు చెప్పండి?

అన్నిటికన్నా సముద్ర దేవత సెడ్నా కార్డు చూస్తే నాకు కోపమొచ్చింది. "ఆర్కిటిక్ పొసైడన్" అని, అంటే గ్రీకుల సముద్ర దేవుడి పేరు తగిలించి, ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆర్కిటిక్ మంచు ప్రాంతాల్లో ఉండే ఇన్యూట్ల కథలో ఆమె పడవ అంచు పట్టుకుని వేలాడుతుంటే కన్నతండ్రే వేళ్లు నరికేస్తాడు, ఆ వేళ్లే సీల్‌లూ వాల్రస్‌లూ అయ్యాయి. మనుషులు కట్టుబాట్లు తప్పితే ఆమె జుట్టు చిక్కులు పడిపోతుంది, వేళ్లు లేవుగా, దువ్వుకోలేదు, కోపమొచ్చి జంతువుల్ని వేటకి దొరక్కుండా దాచేస్తుంది, అప్పుడు షామన్, అంటే వాళ్ల మంత్రగాడు, సముద్రం అడుక్కి వెళ్లి ఆమె తల దువ్వి రావాలి. పొసైడన్‌కి తల దువ్వడానికి ఎవరైనా వెళ్లారా?

డబ్బా మూత వారానికే చిరిగింది, అది పర్లేదు. మార్కుల మీద మాత్రం మేం తెల్ల స్టిక్కర్లు అంటించేశాం. అనాన్సిది ఒక్కటే వదిలేశాం, మా చిన్నది అప్పటికే పెన్ను తీసుకుని 2 పక్కన సున్నా పెట్టేసింది.