55 లీటర్ల ఫ్రేమ్ బ్యాక్‌ప్యాక్: ఏళ్ల తరబడి మోశాక చెబుతున్న మాట

కారులో కొన్ని రోజులు తిరిగి, అక్కడి నుంచి బ్యాగు భుజాన వేసుకుని కాలిబాట పట్టేవాళ్లకు ఈ రకం బ్యాగు చాలా సరిగ్గా సరిపోతుంది. పై మూతికి జిప్ ఉండదు, చుట్టి బకిల్ పెట్టే రోల్‌టాప్. గుడ్డ 210 డెనియర్ (దారం మందానికి కొలత) నైలాన్, అడుగున మాత్రం మందంగా 420 డెనియర్. వీపు వైపు నిలువుగా రెండు అల్యూమినియం పట్టీలు, ఫ్రేమ్ అంటే ఇవే. ఖాళీ బ్యాగు బరువు సుమారు కిలో నూరు గ్రాములు. 12, 13 కిలోల దాకా హాయిగా మోస్తుంది. 15 దాటితే భుజాలు గుర్తుచేస్తాయి.

వేల కిలోమీటర్లు నడిచే హైకర్ పక్కన మొదటిసారి నడిచేవాళ్లకు ఒక ఆశ పుడుతుంది. ఆ మనిషి వీపు మీద ఫ్రేమ్ లేని, అరకిలో బరువుండే చిన్న బ్యాగు కనిపిస్తుంది కాబట్టి అదే కొనాలనిపిస్తుంది. దయచేసి తొందరపడకండి. తిండి, నీళ్లు, ఇంధనం తీసేస్తే మిగిలే బరువును బేస్ వెయిట్ అంటారు. దూరం నడిచేవాళ్లలో చాలామంది దాన్ని నాలుగున్నర కిలోల దరిదాపులకు తెచ్చుకున్నాకే ఫ్రేమ్ వదిలేస్తారు. కొత్తవాళ్లకు అది మామూలుగా ఏడెనిమిది కిలోలు ఉంటుంది. ఏడున్నర అనుకుందాం. రోజుకు 700 గ్రాముల చొప్పున మూడు రోజుల తిండి 2.1 కిలోలు, రెండు లీటర్ల నీళ్లు రెండు కిలోలు. మొత్తం 11.6. ఇంత బరువును ఫ్రేమ్ లేని సంచిలో పెడితే సంచి నడుము దగ్గర కుదించుకుపోయి బరువంతా భుజాల మీదికి దిగుతుంది. ముందు టెంటు, స్లీపింగ్ బ్యాగు, పరుపు తేలిక చేసుకోవాలి. బ్యాగు మార్చడం ఆ తర్వాతి పని.

బ్యాగు బాగుందా లేదా అన్నది సగం మన కొలత మీదే ఆధారపడుతుంది. ఎత్తు చూసి సైజు తీసుకోవడం నమ్మకమైన పద్ధతి కాదు. ఒకే ఎత్తున్న ఇద్దరికి మొండెం పొడవు నాలుగైదు సెంటీమీటర్లు తేడా ఉండొచ్చు. తల ముందుకు వంచితే మెడ కింద ఒక వెన్నుపూస బొడిపెలా తగులుతుంది. రెండు చేతులూ తుంటి ఎముకల పైఅంచు మీద పెట్టి బొటనవేళ్లను వీపు వైపు తిప్పితే, ఆ వేళ్ల మధ్య ఒక అడ్డగీత ఊహించుకోవచ్చు. బొడిపె నుంచి ఆ గీత దాకా వీపు మీదుగా టేపుతో కొలవాలి. ఇది ఎవరికి వారు కొలుచుకునేది కాదు, రెండో మనిషి కావాలి. నడుము బెల్టుకు వేరే కొలత ఉంటుంది. బిగించాక ముందువైపు మెత్తలు రెండూ ఒకదానికొకటి తగలకూడదు. తగిలాయంటే ఇక బిగించడానికి చోటు లేనట్టే. పైగా ఎక్కువ రోజులు నడిస్తే నడుము సన్నబడుతుంది, బెల్టు ఇంకా వదులవుతుంది.

వేసుకునేటప్పుడు వరస ముఖ్యం. పట్టీలన్నీ వదులు చేయాలి. బెల్టు మెత్త మధ్యభాగం తుంటి ఎముక పైఅంచు మీద కూర్చునేలా పెట్టి మొదట దాన్ని బిగించాలి. ఆ తర్వాత భుజం పట్టీలు, అవి భుజాన్ని తాకితే చాలు, కిందికి లాగకూడదు. మూడోది భుజం పైనుంచి బ్యాగు పైఅంచుకు వెళ్లే చిన్న పట్టీ, దాన్నే లోడ్ లిఫ్టర్ అంటారు. అది పక్క నుంచి చూస్తే 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఉండాలి. అడ్డంగా పడుకున్నట్టు ఉంటే బ్యాగు మీకు పొట్టిదని అర్థం. చివరగా ఛాతీ పట్టీ, ఊపిరి పూర్తిగా తీసుకునేంత వదులుగా. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే భుజం పట్టీల బిగువు చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. నడక మొదలైన ఇరవై నిమిషాలకు బెల్టు మరోసారి బిగించాలి. ఒంటి వేడికి ఫోమ్ మెత్తబడుతుంది, లోపలి బట్టలు అణుగుతాయి, బెల్టు అరంగుళం జారుతుంది. ఆ అరంగుళమే సాయంత్రానికి భుజాల నొప్పిగా తేలుతుంది.

సర్దడంలో నియమం ఒక్కటే: బరువైనది వీపుకు ఆనుకుని, భుజపు ఎముకల దిగువన ఉండాలి. స్లీపింగ్ బ్యాగు అడుగున, తిండి సంచి దాని మీద వీపు వైపు, టెంటు గుడ్డ దాని ముందువైపు, వానచొక్కా అన్నిటికన్నా పైన. బరువు వీపుకు పది సెంటీమీటర్లు దూరం జరిగినా బ్యాగు వెనక్కి లాగుతుంది, ఆ లాగుడును ఆపడానికి మనిషి రోజంతా ముందుకు వంగి నడుస్తాడు. చేతులు పెట్టి ఎక్కాల్సిన రాళ్ల దారిలో మాత్రం బరువును కాస్త కిందికి దించితే తూలకుండా ఉంటుంది. ఈ బ్యాగుతో ఒక ఇబ్బంది కూడా ఉంది. మరీ కుక్కితే వీపు పలక పీపాలా గుండ్రంగా ఉబ్బుతుంది. అప్పుడు ఫ్రేమ్ ఉన్నా లేనట్టే, వీపుకు మధ్యలో ఒక్కచోటే తగులుతూ బ్యాగు అటూ ఇటూ ఊగుతుంది. స్లీపింగ్ బ్యాగును దాని గట్టి ఉండ సంచిలో పెట్టకుండా నేరుగా లైనర్‌లోకి, అంటే బ్యాగు లోపల వేసే ప్లాస్టిక్ సంచిలోకి, కూరితే మూలలు కూడా నిండుతాయి, ఉబ్బూ తగ్గుతుంది.

వానకు పైకవర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. కవర్ వీపు వైపు ఉండదు, మెడ మీదుగా దిగిన నీళ్లు సరిగ్గా అక్కడి నుంచే లోపలికి ఇంకుతాయి. గాలి ఎక్కువైతే కవరే ఎగిరిపోతుంది. లోపల ఒక మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి వేసి, గాలి నొక్కేసి, మూతి మెలితిప్పి మడిచి పెడితే చాలు. టెంటు తడిస్తే దాన్ని ఆ సంచి బయట, బ్యాగు పైభాగంలో పెట్టాలి.

ఇక కారు సంగతి. బ్యాగు ఆయుష్షు కాలిబాట మీద తగ్గేదానికన్నా డిక్కీలో తగ్గేదే ఎక్కువని నా గట్టి అభిప్రాయం. గుడ్డ లోపలివైపు పాలీయురేథేన్ పూత ఉంటుంది. తడి, వేడి రెండూ కలిసి ఎక్కువకాలం ఉంటే ఆ పూత రసాయనికంగా విరిగిపోతుంది. మొదట పులిసిన వాసన, తర్వాత చేతికి జిగురు, ఆ తర్వాత పొరలుగా ఊడటం. ఒకసారి మొదలైతే ఆగదు. చెమటతో తడిసిన బ్యాగును మూసిన కారులో ఎండకు వదిలేయడమంటే దీన్ని పిలిచి తెచ్చుకోవడమే. దిగగానే జేబులన్నీ తెరిచి నీడలో తలకిందులుగా ఆరబెట్టాలి. గ్యాస్ డబ్బాలు కూడా వేడి కారులో ఉంచేవి కావు, వాటి మీద 50 డిగ్రీలు దాటకూడదనే హెచ్చరిక అచ్చేసి ఉంటుంది. కారులో వాడే సామాను వేరే సంచిలో, నడకకు వెళ్లేది ముందే సర్దిన బ్యాగులో ఉంటే దారి మొదట్లో గందరగోళం ఉండదు. అయినా బయల్దేరే ముందు కొక్కెం త్రాసుతో ఒకసారి తూచండి. కారులో ఉన్నన్నాళ్లూ బరువు తెలియదు కాబట్టి అరకిలో, కిలో ఇట్టే చేరిపోతుంది. డోరు వేసేటప్పుడు బెల్టు బకిల్ బయటికి వేలాడకుండా చూసుకోవాలి. పగిలిన బకిల్‌కు బదులు కుట్టు విప్పకుండా ఎక్కించే చీలిక రకం ఒకటి దగ్గర పెట్టుకోవడం మేలు.

అరుగుదల విషయానికొస్తే, చాలామంది గుడ్డ డెనియర్ చూస్తారు కానీ ముందు పోయేది బెల్టు ఫోమ్. బొటనవేలితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి. గుంట అలాగే ఉండి, వేలికి అవతలి గుడ్డ గట్టిగా తగులుతోందంటే ఆ బెల్టు బరువును తుంటికి అందించడం మానేసిందని అర్థం. బెల్టు విడిగా మార్చుకునే వీలున్న బ్యాగే కొనమని చెప్పడానికి ఇదే కారణం. రెండోది పక్క జేబుల వల. కూర్చునే ప్రతి రాయికీ ఒరుసుకుని చిల్లులు పడుతుంది. చిల్లు చిన్నగా ఉండగానే పాలిస్టర్ దారంతో కుట్టేయాలి. మూడోది భుజం పట్టీ మొదట్లోని కుట్టు. బ్యాగును ఒక్క పట్టీ పట్టుకుని పైకి విసరడం వల్లే అది పిగులుతుంది. మెడ దగ్గరి చిన్న ఉచ్చు పట్టుకుని ముందు మోకాలి మీదికి ఎత్తి, ఒక చెయ్యి దూర్చి వీపు మీదికి తిప్పుకోవాలి. ఫ్రేమ్ పట్టీ కిర్రుమంటుంటే దాని కొసకు రెండు చుట్లు గుడ్డ టేపు చుడితే ఆగుతుంది.

ఉతకడానికి యంత్రం వద్దు, పూతా ఫోమూ రెండూ పాడవుతాయి. గోరువెచ్చని నీళ్లు, ఘాటులేని సబ్బు, మెత్తని బ్రష్. చెమట ఉప్పు పేరుకుని భుజం పట్టీలు గరుకెక్కితే చర్మం ఒరుసుకుపోతుంది, కాబట్టి బ్యాగంతా కాకపోయినా వాటినైనా ప్రతి నడక తర్వాత కడగాలి. ఎండలో ఆరేయకూడదు, అతినీలలోహిత కిరణాలకు నైలాన్ బలం తగ్గుతుంది.

నచ్చనివీ చెప్పాలి. బెల్టు జేబులు పెద్ద ఫోనుకు చాలవు. అడుగున ఉన్న వస్తువు కావాలంటే మొత్తం తీయాల్సిందే. ఎలుగుబంట్లుండే ప్రాంతాలకు, ఉదాహరణకు అమెరికాలోని సియెర్రా నెవాడా పర్వతాల్లో తిండికి గట్టి డబ్బా తప్పనిసరైన చోట్లకు, 55 లీటర్లు ఇరుకవుతుంది. పదకొండున్నర లీటర్ల డబ్బా ఒక్కటే అయిదో వంతు చోటు తినేస్తుంది, దాన్ని నిలువుగా పెట్టాకే మిగతావి చుట్టూ కూరాలి. చలికాలపు మందపాటి స్లీపింగ్ బ్యాగు తీసుకెళ్లేవాళ్లు 65 లీటర్లదే చూసుకోవాలి.

కొనేముందు ఖాళీ బ్యాగు వేసుకుని అద్దంలో చూసుకోవడం వల్ల ఏమీ తెలియదు. అందులో పది కిలోలు పెట్టి, అరగంట నడిచి, మెట్లు ఎక్కి దిగండి. దిగేటప్పుడు బెల్టు తుంటి మీద నుంచి జారితే ఆ సైజు మీది కాదు.