మెర్సిడెస్ 240 డి: పద్నాలుగో నంబరు పానాకు లొంగే దర్జా

తెలుగులో 'బెంజి కారు' అంటే కలిగినవాళ్ల గుమ్మం ముందు కనిపించే బండి. జర్మనీలో అదే మూడు కొనల నక్షత్రం, లేత దంతపు రంగు వేసుకుని రైల్వే స్టేషన్ బయట వరసలో నిలబడే టాక్సీ మీద కూడా ఉంటుంది. ఈ సమీక్ష ఆ రెండో బెంజి గురించి. కంపెనీ డబ్ల్యూ 123 అని పిలిచిన కార్ల వరసలోని 240 డి, నాలుగు సిలిండర్ల డీజిల్, నాలుగు గేర్ల మాన్యువల్. నాలుగు రోజులు నడిపితే ఇది బద్ధకపు బండి అనిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడుతూ, మూత తీసి సొంత చేతులతో సర్దుకుంటే మాత్రం ఈ కంపెనీకి ఆ పేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ఇందులో విప్పలేనిది, కొలవలేనిది, మళ్లీ సరిచేయలేనిది దాదాపు ఏదీ లేదు. నా దృష్టిలో దర్జా అంటే అదే.

ముందు లెక్కలు చెప్పేస్తాను. 1975 చివర్లో మొదలై 1986 మొదట్లో ఆగేలోపు ఈ వరసలో దాదాపు 27 లక్షల బండ్లు తయారయ్యాయి. 240 డి ఇంజిన్ 2.4 లీటర్లు. మొదట్లో 65 హార్స్‌పవర్, 1978 నుంచి 72. ఆ 72తో కూడా సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 22 సెకన్లు పడుతుంది, గరిష్ఠ వేగం 143. కాబట్టి ఆటోబాన్ అనే జర్మనీ హైవేలోకి చేరే దారిలో పెడల్ పూర్తిగా తొక్కి, వెనక వచ్చే లారీతో మీ వేగం కుదురుతుందో లేదో ముందే చూసుకోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరుకు దిగడానికి మొహమాటపడొద్దు. 110 దగ్గర బండి హాయిగా నడుస్తుంది. 130 దగ్గర కూడా నడుస్తుంది కానీ ఇంజిన్ మోత చెవిలోనే ఉంటుంది. డీజిల్ నూరు కిలోమీటర్లకు 9 నుంచి 10 లీటర్లు. ట్యాంకు 65 లీటర్లు కాబట్టి 600 కిలోమీటర్ల దాకా బంకు వైపు చూడక్కర్లేదు.

ఈ నెమ్మదికి బదులుగా దొరికేది కూర్చున్న చోటే తెలుస్తుంది. సీట్లలో నిజమైన స్ప్రింగులు, వాటిమీద రబ్బరు పూసిన పీచు మెత్తలు. ఆరు గంటలు కూర్చున్నా నడుము పట్టదు. అయితే నలభై ఏళ్లకు ఆ పీచు పొడి అవుతుంది. డ్రైవర్ సీటు కింద గోధుమ రంగు రజను రాలి కనిపిస్తే మెత్త అయిపోయినట్టే. కొత్త మెత్త వేయకుండా పై కవరు మాత్రమే మార్చితే రెండు నెలల్లో స్ప్రింగు కవరును కోసేస్తుంది.

బండి ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కార్ల్ బెంజ్ మాన్‌హైమ్‌లో తన మూడు చక్రాల బండికి పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టింది 1886 జనవరి 29న. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని ఫోర్జ్‌హైమ్ దాకా, సుమారు 106 కిలోమీటర్లు, ఆ బండిని నడిపించుకుపోయింది. దారిలో వీస్లోక్‌లోని మందుల దుకాణంలో ఇంధనం కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. బ్రేకు చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. సుదూర ప్రయాణం, దారిలో రిపేరు ఒకేరోజు మొదలయ్యాయన్నమాట. మరోవైపు కాన్‌స్టాట్‌లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ వేరే కంపెనీ నడిపారు. వాళ్ల బండ్లు అమ్మిన ఎమిల్ యెల్లినెక్ తన కూతురు పేరు పెట్టించాడు, అదే మెర్సిడెస్. 1926లో రెండు కంపెనీలూ కలిసి డైమ్లర్-బెంజ్ అయ్యాయి. ఈ చరిత్రను మెచ్చుకునేవాళ్లు దాచకూడని పేజీ ఒకటుంది. 1944 నాటికి ఆ కంపెనీలో పనిచేసినవాళ్లలో దాదాపు సగం మంది బలవంతపు కూలీలు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చినవాళ్లు.

240 డికి నేరుగా తాతలాంటిది 1936లో బెర్లిన్‌లో చూపించిన 260 డి. డీజిల్‌ను లారీల నుంచి కార్లలోకి తెచ్చిన తొలి బండ్లలో అది ఒకటి, దాన్ని ముందు అందుకున్నదీ టాక్సీవాళ్లే. అప్పటి నుంచీ ఈ కంపెనీ డీజిల్ కారును రోజంతా నడిచే పనిముట్టుగా చూసింది. ఓఎం 616 అనే 240 డి ఇంజిన్ ఆ ఆలోచనకు పరాకాష్ఠ. ఇదే ఇంజిన్ ఉన్న ముందు తరం 240 డిని గ్రీసులో గ్రెగోరియోస్ సాచినిడిస్ అనే టాక్సీ డ్రైవర్ 46 లక్షల కిలోమీటర్లు నడిపాడు. ఆ కారు 2004లో కంపెనీ మ్యూజియం చేరింది. మనవాళ్లకు ఈ ఇంజిన్ కొత్తేమీ కాదు. బజాజ్ టెంపో, అంటే నేటి ఫోర్స్ మోటార్స్, దీన్ని లైసెన్సు మీద మన దేశంలో తయారు చేసి ట్రాక్స్, ట్రావెలర్ బండ్లలో పెట్టింది. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో పెళ్లివారిని కిక్కిరిసి మోసిన తుఫాన్ బండి చప్పుడు చెవిలో ఉన్నవాళ్లు 240 డి స్టార్ట్ చేయగానే గుర్తుపడతారు.

ఇక పని. ఈ ఇంజిన్‌కు 20,000 కిలోమీటర్లకు ఒకసారి వాల్వుల సందు సరిచూడాలి. సిలిండర్‌లోకి గాలిని, బయటికి పొగను వదిలే మూతలే వాల్వులు; వాటిని నొక్కే భాగాల మధ్య ఉండే ఖాళీయే సందు. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఎందుకంటే సందు పెరిగితే టకటక చప్పుడు వస్తుంది, తగ్గితే ఏ చప్పుడూ రాదు. ఇందులో వాల్వు సీటు అరిగే కొద్దీ వాల్వు పైకి జరిగి సందు తగ్గుతూ పోతుంది. ఇంజిన్ నిశ్శబ్దమయ్యే కొద్దీ బాగుందనుకుంటాం. నిజానికి వాల్వు పూర్తిగా మూసుకోవడం మానేస్తుంది, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) కారిపోతుంది, చలికాలం పొద్దున స్టార్ట్ కాదు. అప్పుడు బ్యాటరీని, చలిలో సిలిండర్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్గులను, సెల్ఫ్‌ను వరసగా అనుమానించి డబ్బు తగలేస్తారు.

ఇంజిన్ రాత్రంతా చల్లబడ్డాకే మొదలుపెట్టాలి. ఆక్సిలేటర్ కడ్డీలు పైమూత మీదుగా పోతాయి, ముందు వాటి కీళ్లు విప్పి మూత తీయాలి. ఇంజిన్ కింది ఇరుసు, అంటే క్రాంక్, నట్టుకు 27 నంబరు సాకెట్ పెట్టి, ఇంజిన్ తిరిగే దిక్కులోనే తిప్పాలి. పైన వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్; దాని బోల్టు పట్టుకుని తిప్పొద్దు, అది వదులైతే పెద్ద నష్టం. చూడబోయే వాల్వు తాలూకు క్యామ్ ముక్కు నిటారుగా పైకి వచ్చాక ఆపాలి. క్యామ్ వీపుకూ, వాల్వును నొక్కే మీట అయిన రాకర్‌కూ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చాలి. గాలి తీసుకునే ఇన్‌టేక్ వాల్వుకు 0.10 మిల్లీమీటర్లు, పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వుకు 0.30. ఏది ఏదో అనుమానం వస్తే పక్కనున్న గొట్టాలకు ఎదురుగా చూస్తే తెలిసిపోతుంది. రాకర్ చివర వాల్వు నెత్తిన రెండు నట్లుంటాయి, పైది సర్దేది, కిందది బిగించేది. రెండూ 14 నంబరే. వాల్వు తనంతట తాను తిరగకుండా స్ప్రింగు పళ్లాన్ని పట్టుకోవడానికి మూడో పానా కావాలి. ఇందుకోసమే వంచిన పానాల జత అమ్ముతారు. మామూలు పానాలతోనూ అవుతుంది కానీ వేళ్ల చర్మం పోతుంది. గేజ్ లాగితే వెన్నలో కత్తిలా కాదు, పుస్తకంలోంచి కాగితం లాగినట్టు కాస్త పట్టు తగలాలి. కింది నట్టు బిగించగానే సందు కొంచెం మారుతుంది, కాబట్టి బిగించాక మళ్లీ కొలవాల్సిందే. మొత్తం ఎనిమిది వాల్వులు. మొదటిసారి మూడు గంటలు, అలవాటయ్యాక గంట. మూత కింద గాస్కెట్ పాతది పెడితే నూనె ఎగ్జాస్ట్ మీద కారి క్యాబిన్‌లోకి కమురు వాసన వస్తుంది, కొత్తది దగ్గర పెట్టుకోండి.

మూత తీసినప్పుడే, క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైన్ సాగుడు కూడా చూసేయొచ్చు. క్యామ్ మీది గీతను దాని ఎదుటి గుర్తుకు కలిపి, క్రాంక్ పుల్లీ మీది డిగ్రీలు చదవాలి. సున్నా దగ్గరుంటే సుఖం. నాలుగైదు డిగ్రీలు దాటితే ఇంజిన్ లాగుడు మందగిస్తుంది, ఎందుకంటే వాల్వులతో పాటు డీజిల్ పంపు కూడా వెనకబడుతుంది. పది దగ్గరికి చేరితే చైన్ మార్చాల్సిందే. పాత చైన్ లింకు కోసి, కొత్తదాన్ని దాని చివర కట్టి, మెల్లగా తిప్పుతూ లోపలికి నడిపిస్తారు. ఇంజిన్ విప్పనక్కర్లేదు. ఇద్దరు మనుషులు మాత్రం తప్పనిసరి, చైన్ పంటి మీంచి జారకుండా ఒకరు పట్టుకునే ఉండాలి.

వాల్వులు సరిగా ఉన్నా చలికి మొండికేస్తే అప్పుడు హీటర్ ప్లగ్గుల వంతు. 1980కి ముందు బండ్లలో ప్లగ్గులు గొలుసులా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒకటి పోతే నాలుగూ చచ్చినట్టే. తర్వాతి పెన్సిల్ రకంలో ఒకటి పోతే ఆ సిలిండర్ మాత్రమే ఆలస్యంగా అందుకుంటుంది, స్టార్ట్ అయిన మొదటి నిమిషం కుంటుతూ తెల్లపొగ వదులుతుంది. మీటరుతో కొలిస్తే మంచి ప్లగ్గు ఒక ఓమ్ లోపే చూపిస్తుంది. రిలేలో 80 ఆంపియర్ల రేకు ఫ్యూజు చిట్లినా ఇవే లక్షణాలు, ముందు దాన్ని చూడండి, అది చవక. కొత్త ప్లగ్గు పెట్టేముందు రంధ్రంలో మసి గీకకపోతే ప్లగ్గు కొన లోపల ఇరుక్కుని, వచ్చేసారి తీసేటప్పుడు విరుగుతుంది.

ఇంధనం వైపు ఫిల్టర్లు రెండు: చిన్న పారదర్శకమైనది ఒకటి, మర బిగించే పెద్దది ఒకటి. ఆటోబాన్ మీద బండి మెల్లగా నీరసించి, ఆపి పది నిమిషాలాగితే మళ్లీ బాగా నడిచిందంటే ఫిల్టరే. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల మధ్య గుడ్డ చుట్టిన సన్నటి రబ్బరు గొట్టాలుంటాయి, లోపలి వ్యాసం 3.2 మిల్లీమీటర్లు. అవి చెమర్చడం మొదలైతే ఒక మీటరు గొట్టం కొని అన్నీ ఒకేసారి మార్చేయాలి. డీజిల్ దారిలో గాలి చేరి ఎయిర్ లాక్ అయితే పంపు పక్కనున్న చేతి ప్రైమర్ మర విప్పి, బుడగల బుసబుస ఆగి డీజిల్ పారే శబ్దం వచ్చేదాకా కొట్టాలి. పాతరకం ప్రైమర్ తానే గాలి పీలుస్తుంది, కొత్తరకం బిగిస్తే ఆ పీడ విరగడవుతుంది.

తాళంచెవి తిప్పినా ఇంజిన్ ఆగకపోవడం ఈ బండిని కొత్తగా కొన్నవాళ్లను హడలగొడుతుంది. ఈ ఇంజిన్ ఆగేది కరెంటుతో కాదు, వ్యాక్యూమ్‌తో, అంటే గాలి పీల్పుతో. డోర్ లాకులదీ అదే వ్యవస్థ. ఒక డోర్‌లో రబ్బరు చీలితే గాలి కారి, ఇంజిన్ ఆపే పొర దాకా పీల్పు చేరదు. బానెట్ ఎత్తి స్టాప్ అని రాసిన మీటను నొక్కి ఆపండి. తర్వాత లాకులకు పోయే పసుపు గొట్టాన్ని మూసి చూడండి. ఇప్పుడు తాళంతో ఆగితే తప్పు డోర్లలో ఉంది, ఒక్కో డోర్ వెతకాలి. ఆ గొట్టం మూసినా ఆగకపోతే డీజిల్ పంపు మీది ఆ పొర పోయింది. ఆ పొరకు పోయే గొట్టంలో నూనె కనిపిస్తే సందేహమే లేదు.

ఇంత చెప్పినా, ఈ బండ్లను చంపేది ఇంజిన్ కాదు, తుప్పు. శీతాకాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పే కారణం. ముందు రెక్కల వెనక అంచులు, హెడ్‌లైట్ గిన్నెల చుట్టూ, వెనక అద్దం కింది మూలలు పైకే కనిపిస్తాయి, వాటి గురించి అంత దిగులు పడక్కర్లేదు. ముందు రెక్క నట్లతో బిగించిందే, ఊడదీసి మార్చొచ్చు. భయపడాల్సినవి కనిపించనివి. జాక్ పెట్టే నాలుగు గుండ్రటి చోట్ల మూతలు తీసి లోపల వేలు పెట్టి చూడండి. రేకు పొరలుగా రాలితే డోర్ల కింది అంచు, అంటే సిల్, లోపలంతా పోయినట్టే, అది వెల్డింగు పని, సాంకేతిక తనిఖీలో తప్పేది కూడా ఎక్కువగా అక్కడే. బ్యాటరీ కింది పళ్లెం, స్టెప్నీ గుంట, వెనక యాక్సిల్ చట్రం బిగించిన చోటు కూడా అంతే ముఖ్యం. బానెట్ కింద, గాలి లోపలికి పీల్చే చోట ఆకులు చేరి నీటి రంధ్రాలు పూడుకుంటాయి, నీరు కాళ్ల దగ్గర కార్పెట్ కిందికి దిగుతుంది. ఏడాదికి రెండుసార్లు ఆకులు తీయడం ఈ కారుకు చేయగల అతి చవకైన సేవ.

స్టీరింగ్‌లో కాస్త ప్లే (వదులు) పుట్టుకతోనే ఉంటుంది. రెండు వేళ్ల మందం దాటితే బాక్స్ మీది మరను బిగించకముందు కీళ్లు, డ్యాంపర్, గైడ్ రాడ్ బుష్‌లు చూడండి. తప్పు అక్కడుండగా మర బిగిస్తే బాక్స్ అరుగుతుంది. పవర్ స్టీరింగ్ అన్ని మోడళ్లకూ మామూలుగా రావడం 1982 శరత్కాలం నుంచి. అంతకుముందు బండిని పార్కింగ్‌లో తిప్పాలంటే భుజబలం కావాలి. క్లచ్ వదలగానే కింద ధడేల్‌మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ రబ్బరు డిస్కులు పగిలాయి.

జర్మనీలో 30 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉంటే పాతకాలపు బండ్లకిచ్చే హెచ్ నంబరు ప్లేటు వస్తుంది, ఏడాది పన్ను 191 యూరోల చిల్లర. ఆ ప్లేటు లేకపోతే ఇంత పాత డీజిల్‌కు 900 యూరోల దగ్గర పడుతుంది. పైగా కాలుష్యం తగ్గించడానికి బండ్లను కట్టడి చేసే నగరాల పర్యావరణ మండలాల్లోకి స్టిక్కరు లేకుండా వెళ్లనిచ్చేది కూడా హెచ్ ప్లేటే. అందుకే సొగసు కోసం చక్రాలు, సీట్లు మార్చేసిన బండిని కొనేముందు ఆ ప్లేటు నిలుస్తుందో లేదో చూసుకోండి. స్పేర్లకు ఇబ్బంది తక్కువ, పాత బండ్ల కోసం కంపెనీకి ఫెల్‌బాక్‌లో ప్రత్యేక కేంద్రమే ఉంది. క్యాబిన్ లోపలి ప్లాస్టిక్, చెక్క ముక్కలు మాత్రం బండితో పాటు బాగున్నవే దొరకాలి.

కొనడానికి వెళ్లినప్పుడు అన్నిటికంటే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకోరోజు వస్తామని చెప్పి వెనక్కి రండి. చల్లగా ఉంటేనే సెల్ఫ్ కొట్టించండి. మంచి ఇంజిన్ హీటర్ ప్లగ్గుల లైటు ఆరగానే ఒకటి రెండు చుట్లలో అందుకుంటుంది. వేడెక్కాక నూనె పోసే మూతను విప్పి అక్కడే బోర్లించి పెట్టండి. మూత మెల్లగా ఊగితే భయం లేదు, ఎగిరి పడితే పిస్టన్ రింగులు అరిగాయి. అనుమానం ఉంటే కంప్రెషన్ కొలిపించండి. 22 బార్లకు తగ్గకుండా ఉంటే బంగారం, 15 కంటే పడినా, సిలిండర్ల మధ్య తేడా 3 దాటినా ఇంజిన్ విప్పే ఖర్చు కలిపి బేరం మాట్లాడండి.