సైదాపురం రాళ్ల మీద మూడేళ్ల లిబ్స్ వాడకం

నెల్లూరు జిల్లా సైదాపురం చుట్టుపక్కల గనుల నుంచి వచ్చే తెల్లరాయి (క్వార్ట్జ్), ఫెల్‌స్పార్, అభ్రకం నమూనాలను పరీక్షించడం నా పని. మూడేళ్లుగా అందుకు చేతిలో పట్టుకునే లిబ్స్ యంత్రం వాడుతున్నాను; లేజర్ తగిలిన చోట పుట్టే వెలుగును బట్టి మూలకాలను గుర్తించే యంత్రం అది. రాతిలో ఏమేం ఉన్నాయో చెప్పడంలో దానికి సాటి వచ్చేది నా దగ్గర మరొకటి లేదు. ఎంతెంత ఉన్నాయో చెప్పడంలో మాత్రం దాని మాట యథాతథంగా నమ్మను.

ముక్కు భాగాన్ని రాతికి ఆనించి మీట నొక్కితే 'టక్' మని చిన్న చప్పుడు వస్తుంది. కొన్ని నానోసెకన్ల లేజర్ మెరుపుకు ఆ చోట రవ్వంత రాయి ఆవిరై, పది వేల డిగ్రీలు దాటిన ప్లాస్మాగా, అంటే విద్యుదావేశంతో వెలిగే వాయువుగా మారుతుంది. తొలి క్షణంలో వెలుగంతా కలగాపులగంగా ఉంటుంది. ప్లాస్మా చల్లబడే కొద్దీ ఏ మూలకం గీతలు (ఆ వెలుగులో దానికే చెందిన రంగులు) ఆ మూలకానివిగా విడివడతాయి. సోడియానికి 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పసుపు జంట, లిథియానికి 670.8 దగ్గర ఎర్రగీత.

ఇంతకుముందు వాడిన ఎక్స్‌రే యంత్రానికి లిథియం, బెరీలియం వంటి తేలిక మూలకాలు కనిపించవు. అభ్రకపు గనుల ప్రాంతంలో అది పెద్ద లోటు. కొన్న ఏడాదే ఒక గని మేస్త్రీ బొటనవేలంత ఆకుపచ్చ స్ఫటికం తెచ్చి, "ఇది బెరిలేనా సార్, చూసి చెప్పండి" అన్నాడు. బెరిల్ అంటే బెరీలియం ఉండే ఖనిజం. ఆరు పలకలు, పచ్చని రంగు. కాల్షియం ఉండే అపటైట్ ఖనిజం కూడా అచ్చం అలాగే ఉండగలదు. 313 దగ్గర బెరీలియం గీతలు నిటారుగా లేచాయి. 394.4, 396.2 దగ్గర అల్యూమినియం, 288.2 దగ్గర సిలికాన్ కూడా ఉన్నాయి. అపటైట్ అయి ఉంటే 393.4, 396.8 దగ్గర కాల్షియం జంట తెరనిండా నిలబడేది. 396.2, 396.8 పక్కపక్కనే ఉంటాయి కనుక ఒక్క గీతనే చూసి తీర్పు చెప్పకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. మేస్త్రీ ముఖం వెలిగిపోయింది. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక ఇబ్బందులు. యంత్రంతో వచ్చిన లెక్కలు లోహాల కోసం తయారైనవి. ఫెల్‌స్పార్ మీద పెడితే పొటాషియం శాతం ప్రయోగశాల ఫలితానికి చాలా దూరంగా వచ్చింది. అదే మూలకం, అదే మోతాదు వేరే రాతిలో ఉంటే గీత ఎత్తు మారిపోతుంది. పైగా సోడియం, పొటాషియం ఎక్కువగా ఉన్నప్పుడు ప్లాస్మా అంచున ఉన్న చల్లని పరమాణువులే ఆ వెలుగును మింగేస్తాయి. అందువల్ల మోతాదు పెరిగినా గీత పెరగదు. చివరికి మన రాళ్లనే రసాయన పరీక్ష చేయించి, పొడి కొట్టి బిళ్లలుగా ఒత్తి, నా కొలతలు నేనే కట్టుకున్నాను. ఆరు నెలలు పట్టింది. ఆ పని చేసే ఓపిక లేనివారు ఈ యంత్రం కొంటే డబ్బు వృథా.

మరో మాట. చేతి చెమట కూడా సోడియమే! శుభ్రమైన తెల్లరాయిలో పసుపు జంట కనిపిస్తే ముందుగా నా వేళ్లనే అనుమానిస్తాను. ఇప్పుడు ప్రతి చోటా మొదటి అయిదు మెరుపులు పైపొర తొలగించడానికే, లెక్క ఆరో దాని నుంచి. కార్తీకమాసపు వానల్లో తడిసిన రాళ్లను ఎండబెట్టకుండా ముట్టుకోను. ముందున్న గాజు మీద దుమ్ము పేరుకుంటే గీతలు నీరసిస్తాయి, పూటకోసారి తుడవాలి. రోహిణీ కార్తె ఎండలో యంత్రం వేడెక్కి ఆగిపోతుంది. మెరుపు పడే చోట ఊదే ఆర్గాన్ వాయువు అయిపోతే మాత్రం పని పూర్తిగా కుంటుపడుతుంది.

మెరుపు పడే చోటు వెంట్రుక మందానికి అటూ ఇటూగా ఉంటుంది. ఆ సౌకర్యం నాకు ఎంతో ఇష్టం. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకలో బంగారు చుక్క మీద కొడితే మెగ్నీషియం, ఇనుము వస్తాయి, అది పైరాక్సీన్ అనే ఖనిజం. పక్కనే నల్లటి భాగంలో అల్యూమినియం, కాల్షియం, సోడియం పెరుగుతాయి. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 రోవర్ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర గంధకాన్ని గుర్తించింది ఇదే పద్ధతితో. ఆ వార్త చదివిన పూట నా చేతిలోని యంత్రాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

తెల్లరాయిలో ఇనుము ఎంత తక్కువో తేల్చుకోవడానికి ఈ యంత్రం కొనాలనుకుంటున్న వ్యాపారులు చాలామంది నన్ను అడుగుతున్నారు. గాజు పరిశ్రమ అడిగేది పదిలక్షల్లో కొన్ని పదుల వంతుల లెక్క. అంత సన్నని తేడాను నా యంత్రం నమ్మకంగా పట్టలేదు. వారిని ప్రయోగశాలకే పంపుతున్నాను.