జాగ్రత్త: పెద్ద పంపు, ఒకే డ్రెయిన్ ఉన్న సంపు సెట్ కొనకండి

చేపల ట్యాంకు కింద పెట్టి, పైనుంచి దిగిన నీళ్లను పంపుతో తిరిగి పైకి పంపే తొట్టినే సంపు అంటారు. నాలుగడుగుల ట్యాంకుకు "అన్నీ కలిపిన సెట్" అని అమ్మే సంపుల్లో ఒక రకం ఉంది. గుర్తుపట్టడం తేలికే. ఓవర్‌ఫ్లో బాక్సుకు (ట్యాంకులోంచి పొర్లే నీళ్లు పడే పెట్టె) 12 సెంటీమీటర్ల దువ్వెన (నీళ్లు దాటే పళ్ల అంచు), నీళ్లు దిగడానికి 25 మి.మీ. డ్రెయిన్ ఒక్కటే, దానికి మడతలు మడతలుగా ఉండే ఫ్లెక్సిబుల్ హోసు, మధ్యలో ఒక బాల్ వాల్వు. పంపు మాత్రం ఘనంగా ఉంటుంది: గంటకు 4500 లీటర్లు, హెచ్ మ్యాక్స్ 3.5 మీటర్లు. అంత పెద్ద పంపు వస్తోంది కదా, మంచి బేరమే అనిపిస్తుంది. ఈ సెట్‌లో ఇల్లు ముంచేది ఆ పంపే. బిగించిన రోజు బాగానే తిరుగుతుంది. పైపు లోపల నాచు పట్టాకో, చిన్న నత్త ఒకటి హోసులోకి జారాకో, అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చాకో ట్యాంకు అంచు దాటి నీళ్లు నేలమీదికి వస్తాయి.

డ్రెయిన్ నీళ్లను లాగదు. తమ బరువుకు ఎన్ని దిగితే అన్ని దిగుతాయి. పంపు పైకి పంపినన్నీ తిరిగి కిందికి వస్తూనే ఉంటాయి, డ్రెయిన్ మోయగలిగినంత వరకు. అది మోయలేని మొదటి లీటరు దగ్గర్నుంచే పైన మట్టం పెరుగుతుంది. పైన ఏం జరుగుతోందో పంపుకు తెలియదు, కింద నీళ్లు ఉన్నంతసేపు తోస్తూనే ఉంటుంది. అందుకే ముందు డ్రెయిన్ ఎంత మోస్తుందో చూసుకుని, దానికి లోబడి పంపు ఎంచుకోవాలి. ఈ సెట్లలో వరస తిరగబడి ఉంది.

లెక్క చూద్దాం. లేబుల్ మీద ఉన్న 4500 లీటర్లు సున్నా ఎత్తులో ఇచ్చేది. హెచ్ మ్యాక్స్ అంటే ఆ ఎత్తులో చుక్క కూడా రాదని అర్థం. సంపులో నీటిమట్టం నుంచి ట్యాంకు అంచు దాకా సుమారు 1.3 మీటర్లు, పైన రెండు మూడు ఎల్బోలు. ఇవన్నీ పోను ఇలాంటి పంపు 2500 లీటర్లు ఇస్తుందనుకోండి. అసలు సంఖ్య కావాలంటే పంపు కర్వు, అంటే ఏ ఎత్తులో ఎన్ని లీటర్లు ఇస్తుందో చూపే గీత, చూడాలి, కర్వు ఇవ్వని పంపు కొనకపోవడమే మంచిది.

ఇప్పుడు డ్రెయిన్ సంగతి. 25 మి.మీ. పైపులో గాలీ నీళ్లూ కలిసి దిగే మామూలు పద్ధతిలో, చప్పుడు లేకుండా దిగేది గంటకు 1100 లీటర్ల చుట్టుపక్కల. అంతకు మించి తోస్తే గొంతులో నీళ్లు అడ్డుపడ్డట్టు గుడగుడమంటుంది, బాక్సులో మట్టం పైకీ కిందికీ ఊగుతుంది. గాలి అసలు లేకుండా పైపు నిండా నీళ్లతో, అంటే పూర్తి సైఫన్‌గా నడిపితే, 90 సెం.మీ. దిగుడుకు నున్నటి పైపులో 3000 పైచిలుకు వస్తుంది. అదే మడతల హోసులో 2500 దగ్గరే ఆగిపోతుంది. పంపు ఇచ్చేదీ 2500, డ్రెయిన్ మోసేదీ 2500. అమ్మేవాళ్లు దీన్నే "మ్యాచింగ్" అంటారు. మిగులు అన్నదే లేని అమరిక ఇది.

"వాల్వు తిప్పి సరిచేసుకోవచ్చు" అని కూడా చెప్తారు. ఆ వాల్వుతో వచ్చే చిక్కు ఇది. సైఫన్ వేగం ఎత్తు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 90 సెం.మీ. దిగుడు మీద పైన మట్టం మరో 3.5 సెం.మీ. పెరిగినా డ్రెయిన్ అదనంగా మోసేది 2 శాతమే. అంటే చిన్న తేడాను అది తనంతట తాను సర్దుకోలేదు. డ్రెయిన్ 5 శాతం వెనకబడిందనుకోండి, అది గంటకు 125 లీటర్లు. 120 × 45 సెం.మీ. ట్యాంకులో ఒక సెంటీమీటరు మట్టం అంటే 5.4 లీటర్లు. అంచుకూ నీటికీ మధ్య 3.5 సెం.మీ. ఖాళీ ఉంటే పట్టేది 19 లీటర్లే. పావుగంటలోపే నిండుతుంది. 5 శాతం తగ్గడానికి పెద్ద అడ్డంకి అక్కర్లేదు, హోసు మడతల్లో పేరుకునే జిగురు చాలు. పైగా బాల్ వాల్వు పావు తిప్పులో పూర్తిగా మూసుకుపోతుంది, దాంతో సన్నగా సర్దడం కుదరదు. సైఫన్ డ్రెయిన్‌కు కొద్దికొద్దిగా తిప్పి సర్దగల గేట్ వాల్వే కావాలి, అది కూడా పక్కన రెండో డ్రెయిన్ ఉన్నప్పుడే.

దువ్వెనను ఎవరూ కొలిచి చూడరు. 12 సెంటీమీటర్ల దువ్వెనలో పళ్లే సగం ఆక్రమిస్తే నీళ్లకు దొరికేది 6 సెంటీమీటర్ల దారి. అందులోంచి 2500 లీటర్లు వెళ్లాలంటే మట్టం పళ్ల అడుగు నుంచి 3.4 సెం.మీ. లేవాలి. పళ్ల లోతు 3 సెం.మీ. ఉంటే నీళ్లు దువ్వెన నెత్తిమీదుగా పోతాయి, చేపలు కూడా అదే దారిన బాక్సులో పడతాయి. అదే 30 సెం.మీ. దువ్వెనైతే 2 సెం.మీ. లోపే సరిపోతుంది. డ్రెయిన్ ఎంత బాగున్నా దువ్వెన ఇరుకైతే ప్రయోజనం లేదు. ఒక ఆకు అడ్డం పడ్డా ఆ మట్టం ఇంకా పెరుగుతుంది.

సంపు చివరి గది, అంటే పంపు కూర్చునే గది, అన్నిటికంటే ముఖ్యం. డ్రెయిన్ పూర్తిగా మూసుకుపోయిందనుకోండి. పంపు ఆ గదిలో నీళ్లన్నీ పైకి తోసి, పీల్చడానికి ఏమీ లేక ఆగాలి. ఆ నీళ్లు పైనున్న ఖాళీలో పట్టాలి. ఈ సెట్లలో ఆ గది 35 × 30 సెం.మీ. ఉండి, నీళ్లు 25 సెం.మీ. దాకా నింపమని గీత గీసి ఉంటుంది. అది 26 లీటర్లు. పంపు నోటి కింద మిగిలే 4 సెం.మీ. తీసేస్తే పైకి వెళ్లేవి 22 లీటర్లు. పైన ఖాళీ 19. మూడు లీటర్లు నేలమీద. గీతను 20 సెంటీమీటర్లకు దించితే పైకి వెళ్లేవి 17 లీటర్లకు తగ్గుతాయి, నేల తడవదు. పైసా ఖర్చులేని ఈ మార్పు ఆ సెట్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు ఈ రోజే చేసుకోండి.

అయితే ఆటో టాప్‌అప్ ఉంటే ఈ లెక్క చాలదు. చివరి గదిలో మట్టం తగ్గగానే సెన్సర్ "నీళ్లు ఆవిరయ్యాయి" అనుకుని డబ్బాలోని మంచినీళ్లు పోయడం మొదలుపెడుతుంది. పంపు వాటినీ పైకి తోస్తుంది. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఇది ఆగదు. ఉప్పునీటి ట్యాంకైతే నేల తడవడంతో పాటు ఉప్పు శాతమూ పడిపోతుంది, పగడాలకు అది నీళ్లు పోవడం కంటే చేటు. టాప్‌అప్ పంపుకు సమయ పరిమితి తప్పకుండా పెట్టండి. డబ్బా కూడా చిన్నదే వాడండి.

కరెంటు పోయినప్పుడు జరిగేది దీనికి తలకిందులు. రిటర్న్ నాజిల్, అంటే పంపు నీళ్లు ట్యాంకులోకి వచ్చే నోరు, నీటిలో ఎంత లోతున ఉంటే అంత దాకా ట్యాంకు వెనక్కి సంపులోకి దిగుతుంది. 6 సెం.మీ. లోతున ఉంటే 32 లీటర్లు. సంపులో అంత ఖాళీ ఉందా అన్నది కొనేముందే టేపుతో కొలవాలి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు ఉందిలే అని ధీమా పడొద్దు, దాని రబ్బరు కింద ఇసుకరేణువు ఇరుక్కున్నా కారుతుంది. వెనక్కి దిగే నీళ్ల ధారను తెంచడానికి నాజిల్ దగ్గర పెట్టే 3 మి.మీ. గాలి రంధ్రం మంచిదే, కానీ నాచు దాన్ని మూసేస్తుంది. నమ్మదగినది ఒక్కటే, నాజిల్‌ను 2 సెం.మీ. లోపే ఉంచడం.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. సైఫన్ మళ్లీ పట్టాలంటే పైపులో చేరిన గాలి బయటికి పోవాలి. డ్రెయిన్ చివర సంపు నీటిలో 15 సెం.మీ. మునిగి ఉంటే ఆ గాలి బయటపడలేదు. నీళ్లు నత్తనడకన దిగుతాయి, పంపు మాత్రం పూర్తి వేగంతో పోస్తుంది. పైపు చివర 2 నుంచి 3 సెం.మీ. మునిగితే చాలు.

కొన్నవాళ్లకు దారి ఉంది. బాక్సులో రిటర్న్ కోసం వేసిన రెండో రంధ్రాన్ని అత్యవసర డ్రెయిన్‌గా మార్చండి. రిటర్న్ పైపును ట్యాంకు అంచు మీదుగా తీసుకురండి. మొదటి డ్రెయిన్‌కు గేట్ వాల్వు పెట్టి సైఫన్‌గా నడపండి. రెండో పైపు నోరు మామూలు మట్టం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు పైన, ట్యాంకు అంచుకు బాగా కింద ఉండాలి. రోజూ పొడిగా ఉంటూ, అవసరమైనప్పుడు పంపు ఇచ్చేదంతా ఒక్కటే మోయగలగాలి. దానికి వాల్వు పెట్టకూడదు, జల్లెడ పెట్టకూడదు, సన్న పైపుకు కుదించకూడదు. మడతల హోసు తీసేసి నున్నటి పీవీసీ వేయండి, ఒక 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీలవి వాడండి.

పంపు కూడా మార్చండి. 120 × 45 × 50 ట్యాంకులో అసలు నీళ్లు 240 లీటర్ల చిల్లర. గంటకు నాలుగుసార్లు తిరిగితే వెయ్యి లీటర్లు, సంపుకు అది చాలు. ట్యాంకులో ప్రవాహం కావాలంటే వేవ్‌మేకర్ పెట్టుకోవాలి, రిటర్న్ పంపుతో ఆ పని చేయించకూడదు. వెయ్యి లీటర్లయితే ఆ 25 మి.మీ. డ్రెయిన్ గుడగుడ లేకుండా మోస్తుంది, అత్యవసర పైపు కూడా సులువుగా తట్టుకుంటుంది. పాత పంపే వాడాల్సి వస్తే దాని బయటికి పోయే వైపు వాల్వు పెట్టి తగ్గించండి, పీల్చే వైపు ఎప్పుడూ బిగించొద్దు. అలా బిగిస్తే పంపు లోపల ఆవిరి బుడగలు పుట్టి అది దెబ్బతింటుంది.

రంధ్రం వేయని ట్యాంకుకు ఒక పంపుతో కిందికి, ఇంకో పంపుతో పైకి పంపే సెట్లు కూడా అమ్ముతున్నారు. వాటి జోలికి పోవద్దు. రెండు పంపులు రోజంతా ఒకే వేగంతో నడవవు, ఏదో ఒకటి ముందు పడుతుంది.

చేపలు వేయకముందే వట్టి నీళ్లతో మూడు పరీక్షలు చేయండి. రిటర్న్ నీటిని 10 లీటర్ల బకెట్‌లో పట్టి సెకన్లు లెక్కపెట్టండి. 36000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు లీటర్లు వస్తాయి, 14 సెకన్లలో నిండితే సుమారు 2570. తర్వాత పంపు ఆపి సంపు ఎక్కడిదాకా నిండిందో టేపు అంటించి గుర్తు పెట్టండి. చివరిది, మొదటి డ్రెయిన్‌ను గుడ్డతో మూసి, పంపు నడుస్తుండగానే చేతిలో స్విచ్చు పట్టుకుని పది నిమిషాలు ట్యాంకు అంచు దగ్గర నిలబడండి. నీళ్లు అంచుదాకా వచ్చాయంటే ఆ సెట్‌ను అక్కడే ఆపి వెనక్కి ఇచ్చేయండి.