రెండోసారి చదివాక నిలిచిన నాలుగు పుస్తకాలు

విజయవాడలో ఒక న్యాయవాది ఆఫీసులో 22 ఏళ్లుగా టైపిస్టుగా పనిచేస్తున్నాను. పగలంతా వాంగ్మూలాలు, అప్పీళ్లు టైపు చేసి, రాత్రి మళ్లీ హత్యల పుస్తకమే పట్టుకుంటానని ఇంట్లో వాళ్లకు ఆశ్చర్యం. కొత్తవి జనవరిలో పుస్తక మహోత్సవంలో కొంటాను, పాతవి లెనిన్ సెంటర్‌లో వెతుక్కుంటాను. చదివిన వెంటనే ఏ పుస్తకం గురించీ ఎవరికీ చెప్పను. ఏడాది ఆగి మరోసారి చదువుతాను. హంతకులెవరో తెలిశాక కూడా చదివించగలిగితేనే అది ఇంకొకరి చేతిలో పెట్టదగిన పుస్తకం. ఈ మధ్య చదివినవాటిలో అలా నిలిచినవి నాలుగే.

అన్నిటికన్నా ముందు అవిరూక్ సేన్ రాసిన ‘ఆరుషి’. 2008 మే నెలలో నోయిడాలో ఆరుషి అనే అమ్మాయి తన గదిలోనే హత్యకు గురైంది. పద్నాలుగో పుట్టినరోజుకు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఇంట్లో పనిచేసే హేమరాజే చంపి పారిపోయాడని పోలీసులు అనుకుంటుండగానే, మర్నాడు అతని శవం అదే ఇంటి డాబా మీద దొరికింది. చివరికి ఆ రెండు హత్యలూ చేసింది ఆరుషి తల్లిదండ్రులేనని 2013 నవంబరులో వాళ్లకు యావజ్జీవ శిక్ష పడింది. వాళ్లింకా జైల్లో ఉండగా, 2015లో ఈ పుస్తకం వచ్చింది. 2017 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు వాళ్లను నిర్దోషులని విడుదల చేసింది.

మొదటిసారి ఎవరు చంపారన్న ఆత్రంతో పేజీలు తిప్పేశాను. రెండోసారి దిండు గలీబు దగ్గర ఆగిపోయాను. ఆరుషి తల్లిదండ్రుల దంతవైద్య క్లినిక్కులో పనిచేసే సహాయకుడి గదిలో దొరికిన ఊదారంగు గలీబు మీద హేమరాజ్ రక్తం ఉన్నట్టు హైదరాబాదులోని డీఎన్‌ఏ ప్రయోగశాల నివేదికలో పడింది. అది నిజమైతే అనుమానం తల్లిదండ్రుల మీంచి అతని మీదకు మళ్లేది. తర్వాత అదే సంస్థ, అది టైపు పొరపాటని, రెండు గలీబుల వివరాలు తారుమారయ్యాయని వివరణ ఇచ్చింది.

టైపు పొరపాటు. ఆ మాట దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా ఆఫీసులో ఏ కాగితమైనా కోర్టుకు వెళ్లేముందు ఒకరు అసలు పైకి చదువుతారు, నేను నకలు మీద వేలు పెట్టుకుని సరిచూస్తాను. కోర్టు ముందుంచిన వస్తువులకు వేసే నంబర్లలో ఎం.ఓ. 3 అని ఉండాల్సిన చోట 8 పడితే చొక్కా కాస్తా కత్తి అవుతుంది. ఆ తేడా ఎవరి కంటా పడకపోతే ఒక మనిషి బతుకు అటు తిరుగుతుందో ఇటు తిరుగుతుందో తెలియదు. దర్యాప్తులో, విచారణలో ఇలాంటి కాగితాలు ఎలా కదిలాయో సేన్ ఓపికగా చూపించాడు. తల్లిదండ్రుల వైపు మొగ్గాడన్నది నిజమే, దాన్ని దాచుకోనూ లేదు. నా అసంతృప్తి వేరే ఉంది. నేపాల్ నుంచి పొట్టకూటికి వచ్చి చచ్చిపోయిన హేమరాజ్ గురించి ఇంకొన్ని పేజీలు ఉండవలసింది.

ఈ పుస్తకం విజయవాడ వాళ్లకు మరీ దగ్గరగా తగులుతుంది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. 2010లో ఇక్కడి కోర్టు ఒక యువకుడికి యావజ్జీవం వేసింది. 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చింది. అప్పటికే అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. ఆ ఏళ్లలో బస్సుల్లో, రైతు బజారులో, వీధి అరుగుల మీద అందరం తీర్పులు చెప్పాం. నేనూ చెప్పాను. ‘ఆరుషి’ రెండోసారి చదువుతున్నంతసేపూ అదే గుర్తొచ్చింది.

ట్రూమన్ కపోటి ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ 1966లో పుస్తకంగా వచ్చింది. కాన్సస్ రాష్ట్రంలో 1959లో ఒకే ఇంట్లో నలుగురిని చంపిన ఇద్దరి కథ. వాళ్లకు దక్కింది యాభై డాలర్లు కూడా ఉండదు. చనిపోయిన పదహారేళ్ల నాన్సీ మర్నాడు చర్చికి వేసుకుందామని ఎర్ర వెల్వెట్ గౌను తీసి పెట్టుకుంటుంది. ఆ గౌనుతోనే ఆమెను పూడ్చిపెట్టారు. హత్య వర్ణన కన్నా ఆ గౌనే నన్ను ఎక్కువ ఏడిపించింది. అయితే చివర సమాధుల దగ్గర జరిగే సంభాషణ కపోటి కల్పించిందే. నిజమైన మరణాల గురించి రాస్తూ అలా చేయడం తప్పని నా అభిప్రాయం. ఆ సంగతి తెలుసుకునే చదవండి.

ఇక నవలలు. చిన్నప్పుడు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజుల వెంట తిరిగినదాన్ని, చివరి పేజీదాకా హంతకుడు దొరకకూడదనే నమ్మకంతో పెరిగాను. కెయిగో హిగాషినో ‘ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ ఆ నమ్మకాన్ని తీసేసింది. హత్య మొదట్లోనే మన కళ్లముందు జరుగుతుంది. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు ఆ హత్య చేసిన తల్లీకూతుళ్లను కాపాడటానికి పూనుకుంటాడు. మా కోడలికి ఇస్తే, “చంపిందెవరో ముందే చెప్పేస్తే ఇంక చదవడానికేముంటుంది అత్తయ్యా?” అంది. రెండు రాత్రుల్లో ముగించి, మూడో రోజు పొద్దున కాఫీ ఇస్తూ ఏమీ మాట్లాడలేదు. ఇంతకన్నా చెబితే కథ బయటపడుతుంది.

వివేక్ శానభాగ కన్నడ నవలిక ‘ఘాచర్ ఘోచర్’ను శ్రీనాథ్ పేరూర్ ఇంగ్లీషు అనువాదంలో చదివాను. మసాలా వ్యాపారంతో ఒక్కసారిగా పైకొచ్చిన బెంగళూరు కుటుంబం. మా పుట్టిల్లు గుంటూరు. మిర్చి డబ్బుతో ఇళ్లు మారిన వాళ్లను, ఇళ్లతో పాటు మాట తీరు మారిన వాళ్లను చూశాను కనుక ఈ ఇంట్లో ప్రతి మనిషీ నాకు తెలిసినట్టే అనిపించింది. ఒక స్త్రీ ఆ ఇంటి చిన్నాన్న కోసం మైసూరు పప్పు కూర వండుకుని గుమ్మం దాకా వస్తుంది. ఇంటి ఆడవాళ్లు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టి తరిమేస్తారు. కూర నేలపాలవుతుంది. కథ చెప్పే కొడుకు ఏమీ చేయడు. ఇందులో పోలీసులు లేరు, శవం లేదు. అయినా ఈ నాలుగింటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ గుమ్మమే.

హత్యను రుచిగా వర్ణించడానికే పేజీలు నింపిన పుస్తకం ఒకటి సగంలో వదిలేశాను. దాని పేరు చెప్పి ప్రచారం చేయను. ఇంగ్లీషు పుస్తకం అలవాటు లేనివాళ్లు ‘ఘాచర్ ఘోచర్’తో మొదలుపెట్టండి. సన్నటి పుస్తకం, తేలిక మాటలు, ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. ‘ఆరుషి’కి మాత్రం నెల రోజులు కేటాయించుకోండి, పక్కన కాగితం, కలం పెట్టుకుని తేదీలు రాసుకుంటూ చదవండి.